గోదాములో పంట - చేతిలో రుణం: దాచే ముందు లెక్క చూసుకోండి

మొక్కజొన్న కోతలు ఒక్కసారిగా మొదలయ్యాక యార్డుల్లో ధర తగ్గడం ఏటా చూస్తున్నదే. అప్పులు తీర్చాలి, కూలి డబ్బులు ఇవ్వాలి కాబట్టి చిన్న రైతు ఆగలేడు. గోదాముల రంగంలో ఇప్పుడు వస్తున్న మార్పు ఈ ఇబ్బందికి సంబంధించినదే. గోదాము ఇచ్చే రసీదుపై బ్యాంకు రుణం తీసుకుని, మంచి ధర వచ్చేవరకు ఆగవచ్చు.

అయితే అన్ని రసీదులూ ఒకటి కావు. గిడ్డంగుల అభివృద్ధి, నియంత్రణ సంస్థ (డబ్ల్యూడీఆర్‌ఏ) వద్ద నమోదైన గోదాములు మాత్రమే ఎలక్ట్రానిక్ రసీదు (ఈ-ఎన్‌డబ్ల్యూఆర్) ఇస్తాయి. ఇది 2017లో మొదలైంది. సరుకు బరువు, నాణ్యత కంప్యూటర్‌లో నమోదవుతాయి. ఈ రుణాలకు కేంద్రం 2024 డిసెంబరులో రూ.1,000 కోట్ల నిధితో హామీ పథకం తెచ్చింది. కిసాన్ క్రెడిట్ కార్డు ఉన్న సన్న, చిన్నకారు రైతులకు కోత తర్వాత ఆరు నెలల వరకు పంట రుణం వడ్డీ రేటే, అంటే 7 శాతమే, వర్తిస్తుంది.

దాచిన ప్రతి పంటా లాభం ఇవ్వదు. ఒక ఉదాహరణ చూద్దాం. 30 క్వింటాళ్ల మొక్కజొన్న, క్వింటా ధర రూ.2,000. విలువలో 70 శాతం, అంటే రూ.42,000 రుణం వచ్చిందనుకుందాం.

- నాలుగు నెలల వడ్డీ: రూ.980
- క్వింటాకు నెలకు రూ.10 చొప్పున అద్దె: రూ.1,200
- అదనపు రవాణా, హమాలీ: రూ.1,800

మొత్తం రూ.3,980. క్వింటాకు సుమారు రూ.133. ధర రూ.2,133 దాటితేనే ఆగినందుకు ఫలితం. తరుగు పోతే ఇంకా ఎక్కువ రావాలి. ధర బాగా పడిపోతే గడువుకు ముందే కొంత సొమ్ము కట్టమని బ్యాంకు అడగవచ్చు.

రైతులు పాటించాల్సినవి:

- గోదాము నమోదు గడువు ఇంకా ఉందో లేదో డబ్ల్యూడీఆర్‌ఏ వెబ్‌సైట్‌లో చూడండి. మామూలు చీటీతో సరిపెట్టుకోవద్దు.
- గింజలను బాగా ఆరబెట్టి, తేమ 12 శాతానికి తగ్గాకే తరలించండి. తేమ ఎక్కువైతే బూజు పడుతుంది.
- అద్దె, బీమా, తరుగు షరతులు ముందే రాయించుకోండి.
- సరుకు తక్కువైతే ఎఫ్‌పీఓ ద్వారా నలుగురూ కలిసి తరలించండి. లారీ ఖర్చు తగ్గుతుంది.
- మొత్తం పంట దాచవద్దు. తక్షణ అవసరాలకు కొంత అమ్మి, మిగిలినదే నిల్వ చేయండి.

గోదాముకు బండి కట్టే ముందే బ్యాంకుకు వెళ్లి, ఆ గోదాము రసీదుపై ఎంత రుణం ఇస్తారో అడగండి. ఆ మాట తేలాకే నిర్ణయం తీసుకోండి.