వారంటీ నోటిమాట కాదు, కాగితం మీద ఉండాలి

మోటారు సైకిలు ఇవాళ రైతుకు సోకు కాదు. పాల క్యాను కేంద్రానికి చేర్చాలన్నా, ఎరువు బస్తా తెచ్చుకోవాలన్నా, అర్ధరాత్రి కరెంటు వస్తే మోటారు వేయడానికి పోవాలన్నా బండే దిక్కు. కొత్తది కొనే స్తోమత లేక మనలో చాలామంది పట్నంలోని ఆటో కన్సల్టెన్సీల్లో పాత బండి తీసుకుంటున్నాం. అక్కడ ‘వారంటీ’ అనే మాటకు మోసపోతున్నాం.

మన సంఘం సభ్యుడు, రెండు గేదెలున్న కౌలురైతు, పోయిన వేసవిలో 42 వేలకు పాత బండి కొన్నాడు. ‘ఆరు నెలలు వారంటీ, ఏమొచ్చినా పూచీ నాది’ అన్నాడు డీలరు. మూడో వారానికే సైలెన్సరు పొగ కక్కింది. ఇంజన్ బోరుకొచ్చిందన్నాడు మెకానిక్కు. డీలరు దగ్గరికి పోతే ‘అది అరుగుదల, వారంటీలోకి రాదు’ అన్నాడు. గట్టిగా అడిగితే ‘బిల్లేదీ?’ అన్నాడు. బిల్లు ఇవ్వనివాడే బిల్లు అడిగాడు! ఇందులో మా తప్పూ ఉంది. కొనే రోజు వెంట వెళ్ళినవాళ్ళలో మేమూ ఉన్నాం. బండి స్టార్టు చేసి చూశామే గాని కాగితం అడగలేదు.

పాత బండికి ఇన్ని నెలల వారంటీ ఇచ్చి తీరాలని మన దేశంలో ఏ చట్టమూ చెప్పడం లేదు. కాబట్టి రాసుకున్నదే బలం. ఏయే భాగాలకు, ఎన్ని రోజులకు, ఎన్ని కిలోమీటర్ల వరకు, కూలి ఖర్చు ఎవరిది అన్నవి బిల్లు మీదే రాయించుకోవాలి. బండికి కంపెనీ వారంటీ ఇంకా మిగిలి ఉందంటే సర్వీసు పుస్తకం అడగాలి. వేళకు సర్వీసులు చేయించకపోతే అది చెల్లకపోవచ్చు.

అయితే మాట తప్పిన డీలరును వదిలేయాలని కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం వారంటీ గురించి అబద్ధం చెప్పి అమ్మడం, అమ్మిన సరుకుకు బిల్లు ఇవ్వకపోవడం అక్రమ వ్యాపారమే. ముందు 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అక్కడ తేలకపోతే, రెండేళ్ళలోపు, మనం ఉండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు సరుకుకు ఫీజు లేదు. వకీలు లేకున్నా మనమే చెప్పుకోవచ్చు.

‘పాల వ్యాపారానికి వాడావు, నువ్వు వినియోగదారుడివి కావు’ అని డీలరు వాదిస్తే జంకవద్దు. సొంత కష్టంతో బతకడానికి వాడుకునే సరుకు వ్యాపారం కిందికి రాదని చట్టమే చెబుతోంది. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ నాసి విత్తనాల కేసులోనూ ఇదే వాదన వచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో గెలిచింది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులే.

వారంటీతో పాటు మరో మూడు చూసుకోవాలి. పాత బండ్లు అమ్మే డీలరుకు రవాణా శాఖ అధికార పత్రం ఉండాలనే నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అది చూపించమనండి. ఆర్సీలో ఫైనాన్స్ బాకీ ఉంటే అది కొట్టేయించకుండా డబ్బు మొత్తం ఇవ్వకండి. ఆర్సీ, ఇన్సూరెన్సు మన పేరుకు మార్చుకోవడం వాయిదా వేయకండి. ఇన్సూరెన్సుకు గడువు 14 రోజులే.

అధికార పత్రం లేని దుకాణాలను రవాణా శాఖ తనిఖీ చేయాలి. పాత బండి అమ్మే ప్రతి డీలరూ వారంటీ ఉందో లేదో, ఉంటే దేనికో తెలుగులో రాసి సంతకం చేసి ఇచ్చేలా ప్రభుత్వం నిబంధన పెట్టాలి. ఇది మా డిమాండు.

విత్తనం సంచి, బిల్లు పంట ఇంటికొచ్చేదాకా దాచుకోవాలని ఇన్నేళ్ళుగా ఊరూరా చెబుతున్నాం. ఆ మాట బండి దగ్గర మేమే మరిచాం. ఆ సభ్యుడి చేతిలో ఇప్పుడున్న ఆధారం డీలరు ఫోనులో పంపిన ‘ఆరు నెలల వారంటీ’ అన్న మెసేజి ఒక్కటే. దానితోనే ఫిర్యాదు రాశాం. ఇలా నష్టపోయిన రైతులు ఎవరున్నా మండల కమిటీని కలవండి. ఫిర్యాదు రాసిపెడతాం, కమిషన్ దాకా తోడు వస్తాం.