వంట కాకముందే పిలుపులు

వంట కాకముందే విస్తళ్ళు వేయకూడదని పెద్దలంటారు. కూర్చున్నవాడికి కోపం, వండేవాడికి కంగారు. కంప్యూటరు భాషలకు కూడా యీ నీతి వర్తిస్తుందా? వర్తిస్తుందనీ చెప్పవచ్చు, వర్తించదనీ చెప్పవచ్చు. పెర్ల్ అనే భాష కథ వింటే ఆ సంగతి మీకే తెలుస్తుంది.

కంప్యూటరుకు పని పురమాయించడానికి మనుషులు కల్పించుకున్న భాషల్లో పెర్ల్ ఒకటి. 1987లో లారీ వాల్ అనే అమెరికన్ దాన్ని లోకానికి ఉచితంగా ఇచ్చాడు. దాని గుట్టంతా తెరిచిన పుస్తకమే. ఎవరైనా చదువుకోవచ్చు, దిద్దవచ్చు, పదిమందికీ పంచవచ్చు. కుప్పలకొద్దీ వ్రాతల్లోంచి కావలసిన ముక్కను ఏరి తీయడంలో దానికి మంచి పేరు. 1994లో అయిదో కూర్పు వచ్చాక దాన్ని నమ్ముకుని ఎందరో ఉద్యోగాలు చేసుకున్నారు.

2000 జూలైలో కాలిఫోర్నియాలోని మాంటెరేలో పెర్ల్ పెద్దలు కొందరు సమావేశమయ్యారు. భాషలో చలనం లేకుండా పోతోందని విసిగిపోయిన జాన్ ఆర్వంట్ కాఫీ కప్పులు తీసి ఒకటొకటిగా గోడకేసి కొట్టాడు. ఆ మోతకు అందరికీ మత్తు వదిలింది. ఆ సభల్లోనే లారీ వాల్ ఆరో కూర్పు రాబోతున్నదని చాటాడు. ఏమేమి మార్చాలో చెప్పండని అడిగితే 361 ప్రతిపాదనలు వచ్చి పడ్డాయి!

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత అక్కడ నిజమైంది. ఎప్పుడొస్తుందని అడిగితే, క్రిస్మసుకు వస్తుందనేవారు. ఏ యేటి క్రిస్మసుకో మాత్రం చెప్పేవారు కాదు!

నవ్వులాటగానే వుంది గాని, నష్టం కూడా జరిగింది. రేపు రైలు వస్తుందంటే ఇవాళ బస్సెక్కేవాడెవడు? ఆరు వస్తోందిగా, ఇంకా అయిదుతో పనేమిటని జనం అనుకున్నారు. అయిదు మాత్రం నిక్షేపంలా పనిచేస్తూనే వుంది. రాని ఆరు, వున్న అయిదును ముసలిదాన్ని చేసి కూర్చోబెట్టింది. అయిదుతోనే బ్రతుకుతున్నవాళ్ళ మాటేమిటి?

అయితే పూర్తిగాని వస్తువును గురించి అసలు చెప్పనే కూడదా? అంగడి సరుకైతే కూడదు. డబ్బు పుచ్చుకుని సగం చీర ఇచ్చినట్లవుతుంది. పెర్ల్ అంగడి సరుకు కాదు. దాన్ని తయారుచేసేవారిలో చాలామంది జీతం బత్తెం లేకుండా తీరిక వేళల్లో పనిచేసేవారే. పిలవకపోతే మనుషులు రారు. మనుషులు రాకపోతే పని పూర్తికాదు. ఇది విందుకు పిలుపు కాదు, కూరలు తరగడానికి రమ్మనే పిలుపు.

అటువంటి నిజాయితీ పిలుపు 2010 జూలైలో వచ్చింది. రకూడో స్టార్ అనే పేరుతో ఆరో పెర్ల్‌ను వాడి చూడమని జనం చేతికిచ్చారు. ఇందులో ఇంకా లేనివి చాలా వున్నాయనీ, వేగం కూడా తక్కువేననీ వాళ్ళే ముందుగా చెప్పుకున్నారు. ఉత్సాహం వున్నవాళ్ళు వచ్చారు. వచ్చినవాళ్ళు తప్పులు పట్టారు. పట్టిన తప్పులు కొన్నయినా దిద్దుబాటయ్యాయి.

చివరకు 2015లో నిజంగా క్రిస్మసు నాడే మొదటి పూర్తి కూర్పు వెలువడింది. 2018లో వచ్చిన తరువాతి కూర్పుకు మన దీపావళి పేరే పెట్టారు. 2019లో, ఇది అయిదుకు తరువాతి అంకె కాదు, వేరే భాష అని ఒప్పుకుని రాకు అని నామకరణం చేశారు. అక్కా చెల్లెళ్ళు ఇద్దరూ నేటికీ ఎవరి కాపురం వారు చేసుకుంటున్నారు.

ఆ పేరు మొదటే పెట్టి వుంటే పెద్దదానికి అంత మాట పడేది కాదు. కొత్తదాన్ని గురించి చాటండి, తప్పులేదు. కాని పొయ్యిమీద ఏముందో దాచకండి. నిన్నటిదాకా అన్నం పెట్టిన కుండను అప్పుడే బోర్లించకండి.