సమాంతరాలని ముందే తెలిస్తే నిరూపించడమెందుకు?

మొన్న మా మనుమరాలు తన లెక్కల పుస్తకం చూపించింది. రెండు సరళరేఖలను ఒక తిర్యగ్రేఖ ఖండిస్తున్నది. ఏకాంతర కోణాలు రెండూ 65 డిగ్రీలు. రేఖలు సమాంతరాలని నిరూపించాలి. పిల్ల ఇలా వ్రాసింది: "రేఖలు సమాంతరాలు కనుక ఏకాంతర కోణాలు సమానం. కావున రేఖలు సమాంతరాలు." దానికి పూర్తి మార్కులు పడ్డాయి!

తెలుగు పండితుడికి లెక్కలతో ఏమి పని అని మిత్రులు నవ్వవచ్చు. కాని ఈ తప్పు వాక్యంలో ఉన్నది. తేల్చవలసిన దానినే ఆధారంగా చూపడాన్ని మన తార్కికులు అన్యోన్యాశ్రయ దోషమన్నారు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందంటే మాత్రం, కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుపముద్ద ముందు ఓడిపోతాము.

యూక్లిడ్ ఈ రెండింటినీ వేరుగానే ఉంచాడు. కోణాలు సమానమైతే రేఖలు సమాంతరాలన్నది మొదటి గ్రంథంలో 27వ సిద్ధాంతం. రేఖలు ఒకవైపు కలుస్తాయనుకుందాము. అప్పుడొక త్రిభుజం ఏర్పడుతుంది. ఏకాంతర కోణాలలో ఒకటి దానికి బాహ్యకోణం, రెండవది అంతరాభిముఖ కోణం. బాహ్యకోణమే పెద్దది కావాలి. ఇక్కడ రెండూ సమానం. కనుక కలవవు. రెండవవైపూ ఇంతే.

దీని విపర్యయం 29వ సిద్ధాంతం. దానికి పేరుమోసిన అయిదవ స్వీకృతం కావలసివచ్చింది. 1829లో లొబచేవ్‌స్కీ ప్రచురించిన జ్యామితిలో ఆ స్వీకృతం లేదు. అక్కడ 27వది నిలుస్తుంది, 29వది నిలవదు. రెండూ ఒకటే అయితే ఇది ఎలా సాధ్యం?

ఇక నా తప్పు చెప్పుకోవాలి. సుమారు ముప్పయ్యేళ్ళ క్రితం లెక్కల మాస్టారు సెలవు పెట్టిన ఒకరోజు ఆ తరగతి నాకు అప్పగించారు. నేనూ నల్లబల్ల మీద సరిగ్గా మా మనుమరాలిలాగే వ్రాశాను. వెనుక వరుస కుర్రవాడొకడు లేచి, "సమాంతరాలని ముందే తెలిస్తే నిరూపించడమెందుకండీ?" అన్నాడు. ఎదురుప్రశ్న వేశాడని గంటసేపు బెంచీ ఎక్కించాను. తర్కసంగ్రహం చదువుకున్నవాణ్ణి, నా ఎదుట నిలిచిన తర్కాన్ని గుర్తించలేకపోయాను. వాడు మళ్ళీ నన్నేమీ అడగలేదు.

అందుకే నా అభిప్రాయమిది. ఈ భేదం నేర్పే బాధ్యత భాషోపాధ్యాయుడిది కూడా. "వానలు కురిస్తే పంటలు పండుతాయి" అని చేదర్థకం చెప్పి ఊరుకుంటాము. పంటలు పండితే వానలు కురిసినట్లేనా, బావినీటితో పండి ఉండవచ్చు కదా అని ఆ రోజే అడగాలి. అప్పుడు దత్తాంశమేదో సారాంశమేదో పిల్లలే విడదీసుకుంటారు.

మనుమరాలికి ఇదంతా చెప్పాను. "అయితే నా మార్కులు పోతాయా తాతయ్యా?" అన్నది. పోతే పోనీ, వెళ్ళి మీ టీచరుగారిని అడుగు అన్నాను. బెంచీ ఎక్కించరనే ఆశ.

లెక్కలు తెలిసిన మిత్రులు, నా మాటలో దోషముంటే సరిదిద్దగలరు.