ఏం తక్కువ చేశాను?

"నా వయస్సు 43. మండల కేంద్రంలో ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతున్నాను. నా భార్య వయస్సు 36. ఆమె డిగ్రీలో చేరిన ఏడాదే మా పెళ్ళయింది. ఇప్పటికి 18 సంవత్సరాలు. పాప ఇంటర్ చదువుతోంది, బాబుకు 11 ఏళ్ళు. గత నెలలో అనుమానం వచ్చి ఆమె ఫోను చూశాను. తనతో పదో తరగతి చదివిన ఒకతనితో ఏడాదిన్నరగా సంబంధం ఉందని తెలిసింది. అడిగితే ఒప్పుకుంది. ఆమెకు నేనేం తక్కువ చేశాను? రెండంతస్తుల ఇల్లు కట్టాను. ముప్ఫై కాసుల బంగారం చేయించాను. ఏనాడూ చెయ్యి చేసుకోలేదు. నాకు ఆరేళ్ళుగా షుగరు ఉంది. మూడేళ్ళుగా మా మధ్య ఆ సంబంధం లేదు. ఆమెకు కామం ఎక్కువయ్యే జబ్బేదైనా ఉందా? మందులున్నాయా? పోలీసు కేసు పెట్టవచ్చా? పెద్దమనుషుల్లో పెట్టమని మా అన్నయ్య అంటున్నాడు. బాబు నా బిడ్డేనా అని కూడా అనుమానం వస్తోంది. ఒక్కోసారి బ్రతకాలనిపించటం లేదు."

ఈ ఉత్తరం వ్రాసిన సోదరుడు పేరు, ఊరు వేయవద్దన్నారు. ఇలాంటి ఉత్తరాలు భర్తలూ వ్రాస్తారు, భార్యలూ వ్రాస్తారు. అయితే భార్యలెవరూ "మా ఆయనకు ఇదేమైనా జబ్బా?" అని అడగరు. మగవాడు చేసే ఈ పనికి మన భాషలో 'చిన్నిల్లు' అని ముద్దుపేరు కూడా ఉంది. ఆడది చేసినప్పుడే దానికొక జబ్బు వెతకాలి.

అయ్యా, మీరు చివర వ్రాసిన వాక్యానికి ముందు జవాబు చెబుతాను. మీరు పురుగుమందుల మధ్య కూర్చుని వ్యాపారం చేస్తున్నారు. బ్రతకాలనిపించటం లేదన్న మనిషి చేతికి అవి అందుబాటులో ఉండకూడదు. ఇలాంటి తలంపు గంటలో, రెండు గంటల్లో ఉధృతంగా వచ్చి తగ్గుతుంది. ఆ గంటలో చేతికి అందేదేమిటన్నదే ప్రాణం నిలుస్తుందా పోతుందా అన్నది తేలుస్తుంది. షాపు తాళాలు కొన్ని వారాలు మీ అన్నయ్యకు ఇవ్వండి. ఒంట్లో బాగాలేదని చెప్పండి, అబద్ధమేమీ కాదు. రాత్రిళ్ళు మనసు నిలవకపోతే 14416 నంబరుకు ఫోను చెయ్యండి. టెలిమానస్ అనే ఈ ప్రభుత్వ సేవలో తెలుగులోనూ మాట్లాడతారు. డబ్బు తీసుకోరు. ఈ వారంలోనే ఒక సైకియాట్రిస్టును కలవండి. నిద్ర పట్టటం లేదని మందు మొదలుపెట్టకండి. షుగరుకీ, ఇలాంటి మనసుకీ కూడా అది చెరుపే.

ఇక జబ్బు సంగతి. ఇలాంటి ప్రవర్తన వెనుక జబ్బు ఉండటం చాలా అరుదు. మేనియా అనే మానసిక వ్యాధిలో మనిషి రోజుకు రెండు మూడు గంటలే నిద్రపోయినా హుషారుగా ఉంటుంది. ఆపకుండా మాట్లాడుతుంది, డబ్బు విచ్చలవిడిగా ఖర్చు చేస్తుంది, సిగ్గు బిడియం మరచిపోతుంది. ఈ మార్పు కొద్ది రోజుల్లోనే వస్తుంది. దీనికి లిథియం వంటి మంచి మందులున్నాయి. పార్కిన్సన్ వ్యాధికి వాడే కొన్ని మాత్రల వల్ల, మెదడు ముందు భాగం దెబ్బతినటం వల్ల కూడా కొందరిలో కోరికలకు పగ్గం ఉండదు. మీ భార్య ఏడాదిన్నరపాటు ఇల్లు నడిపింది, పిల్లల పరీక్షలు చూసుకుంది, మీ షుగరు మాత్రలు వేళకు అందించింది (ఇది మీరే వ్రాశారు). ఇది మేనియా లక్షణం కాదు. పూర్వం వైద్యులు ఇలాంటి ఆడవారికి 'కామోన్మాదం' అని పేరు పెట్టేవారు. ఆ మాట ఇప్పుడు వైద్యగ్రంథాల్లో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమల్లోకి తెచ్చిన వ్యాధుల పట్టికలో అదుపుతప్పిన లైంగిక ప్రవర్తన అనే రుగ్మత ఒకటి ఉంది. నెలల తరబడి ప్రయత్నించినా తనను తాను ఆపుకోలేక జీవితం అస్తవ్యస్తమైన వారికే, ఆడవారైనా మగవారైనా, అది వర్తిస్తుంది. ఒక వివాహేతర సంబంధం ఉన్నంత మాత్రాన ఆ రుగ్మత ఉన్నట్లు కాదు.

మరి ఎందుకు?

మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ వేసింది అందులో కొంతే. ఇంటి ఖరీదు వ్రాశారు, బంగారం తూకం వ్రాశారు, పిల్లల ఫీజులు వ్రాశారు. "అడిగితే ఒప్పుకుంది" అని కూడా వ్రాశారు. ఒప్పుకుంటూ ఆమె ఏమన్నదో మాత్రం నాలుగు పేజీల్లో ఎక్కడా లేదు. ఆమె ఏమీ అనలేదా, అన్నది మీకు వినపడలేదా?

పెళ్ళయిన స్త్రీ పరపురుషుడి వైపు వెళ్ళిందనగానే అందరూ పడకగది వైపు చూస్తారు. చాలామంది స్త్రీలు చెప్పుకునేది అక్కడ మొదలవదు. వంటింట్లో మొదలవుతుంది. భర్త రాత్రి పదింటికి షాపు మూసి వస్తాడు. "పాలవాడికి ఇచ్చావా? ఫీజు కట్టావా? అమ్మ మాత్ర వేసుకుందా?" ఇవే మాటలు. కంచం ముందు కూడా ఫోను మోగుతుంది. అత్తగారికి ఆమె కోడలు, మరిదికి వదిన, వీధిలో పాప వాళ్ళమ్మ, భర్తకు "ఇదిగో". పుట్టింటివారు పెట్టిన పేరు పెళ్ళయ్యాక రేషన్ కార్డు మీద మిగులుతుంది. ఏళ్ళ తరువాత పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఒకతను ఆ పేరుతో పిలుస్తాడు. "నువ్వు లెక్కల్లో ఫస్టు వచ్చేదానివి కదా, ఇప్పుడేం చేస్తున్నావ్?" అంటాడు. ఆ ఒక్క ప్రశ్నకు కళ్ళనీళ్ళు పెట్టుకునే ఆడవాళ్ళున్నారు. అందులో కామం ఏమీ లేదు. అప్పటికి లేదు.

ఆ తరువాత జరిగేదానిలో శరీరానికి పాత్ర ఉంది. కొత్త ఆకర్షణలో మెదడులో డోపమిన్ అనే పదార్థం ఉరకలు వేస్తుంది. ఆకలి, నిద్ర తగ్గుతాయి, ఎదుటివాడి లోపాలు కనిపించవు. ఈ మైకం కొన్ని నెలలో, మహా అయితే రెండు మూడేళ్ళో ఉంటుంది. అతనితోనే కాపురం చెయ్యాల్సి వస్తే అతనూ "పాలవాడికి ఇచ్చావా?" అనే అడుగుతాడని ఆ మైకంలో తోచదు.

కొందరు సెల్ ఫోన్లను, టీవీ సీరియళ్ళను తిడతారు. చలం 'మైదానం' వచ్చింది 1927లో. అందులో రాజేశ్వరి చేతిలో ఫోను లేదు. ఫోను దారి చూపిస్తుందంతే, నడవాలన్న కోరిక ముందే ఉంటుంది.

మిగిలిన కారణాలూ చెబుతాను. తాగి కొట్టే భర్త ఉన్న ఇంట్లో ఒక మంచి మాట చెప్పినవాడే దేవుడిలా కనిపిస్తాడు. భర్తకు వేరే సంబంధం ఉందని తెలిసి పంతానికి పోయేవారున్నారు. పెళ్ళికి ముందు ఇష్టపడినవాడిని కులం కాదని, మేనరికం ఉందని వదులుకున్నవారున్నారు. అసలు పెళ్ళి గురించి ఆమెను ఎవరూ అడగని ఇళ్ళు మనకు తక్కువేమీ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకుండానే పెళ్ళయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29 శాతం, తెలంగాణలో 23 శాతం పైచిలుకు. మీ భార్యకు 18 నిండాయి కనుక చట్టరీత్యా తప్పులేదు. చదువు మానిపించేటప్పుడు ఆమెను అడిగారా అన్నది వేరే ప్రశ్న.

ఏ లోటూ లేని కాపురాల్లో కూడా ఇది జరుగుతుంది. 1985లో అమెరికాలో షిర్లీ గ్లాస్, థామస్ రైట్ అనే పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో వివాహేతర సంబంధం ఉన్న మగవారిలో 56 శాతం, ఆడవారిలో 34 శాతం తమ సంసారం సంతోషంగానే ఉందన్నారు. అది మన దేశపు లెక్క కాదు. కానీ ఆ రెండు అంకెల మధ్య తేడా చూడండి. ఆడవారిలో ఎక్కువమంది ఇంట్లో ఏదో కరువై వెళ్ళినవారే. అలాగని ప్రతిసారీ తప్పు భర్తదే అనుకోవటానికీ లేదు.

కారణం చెప్పటం వేరు, సమర్థించటం వేరు. మీకు తగిలిన దెబ్బ నిజమైనది. ఏడాదిన్నరపాటు దాచింది ఆమె, ఆ నిర్ణయం ఆమెదే. మీతో పోట్లాడవచ్చు, పుట్టింటికి వెళ్ళవచ్చు, విడిపోతానని చెప్పవచ్చు. అవన్నీ చెయ్యటానికి మన ఇళ్ళలో ఎంత వీలుంటుందో కూడా మీకు తెలుసు.

ఇప్పుడు మీ షుగరు గురించి. మూడేళ్ళుగా మీ మధ్య సంబంధం లేదని ఒక ముక్కలో వ్రాసి దాటేశారు. షుగరు ఉన్న మగవారిలో సుమారు సగం మందికి అంగస్తంభన సమస్య వస్తుంది. రక్తనాళాలూ నరాలూ దెబ్బతినటమే దీనికి కారణం. ఇందులో సిగ్గుపడవలసినదేమీ లేదు. సిగ్గుపడి మీరు చేసిందేమిటి? అటు తిరిగి పడుకోవటం మొదలుపెట్టి ఉంటారు. తరువాత లెక్కలు చూడాలని హాల్లో పడుకుని ఉంటారు. "నా వల్ల కావటం లేదు" అని ఆమెకు చెప్పారా? చెప్పకపోతే ఆమె ఏమనుకుంటుంది? "నేను లావయ్యాను, ఆయనకు నా మీద మోజు పోయింది" అనుకుంటుంది. భర్త పడక మార్చితే తన ఒళ్ళే కారణమనుకోవటం ఆడవాళ్ళకు అలవాటు. పడక మార్చటానికి మీకున్న కారణం ఆమెకు తెలియదు, ఫోను పట్టుకోవటానికి ఆమెకున్న కారణం మీకు తెలియదు.

దీనికి వైద్యం ఉంది. మూడు నెలల సగటు షుగరు చెప్పే హెచ్‌బీఏ1సీ, బి.పి., కొలెస్టరాల్, అవసరమైతే టెస్టోస్టిరాన్ పరీక్షలు చేయించండి. గుండె కూడా చూపించుకోండి. అంగస్తంభన లోపం కొందరిలో గుండెజబ్బుకు ముందు హెచ్చరిక. సిల్డెనాఫిల్ వంటి మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. గుండెనొప్పికి నైట్రేటు మాత్రలు వాడేవారు మాత్రం వాటిని తాకకూడదు, బి.పి. ప్రమాదకరంగా పడిపోతుంది. బస్టాండు గోడల మీద 'నరాల బలహీనత' బోర్డులు పెట్టినవారి దగ్గరకు వెళ్ళకండి. ఆడవారికీ కాన్పు తరువాత నొప్పి, పొడిబారటం వంటి సమస్యలుంటాయి. వాటికీ చికిత్స ఉంది. మీ భార్యకు అలాంటిదేమైనా ఉందేమో ఎవరైనా అడిగారా?

పరీక్షల మాట వచ్చింది కనుక, ఆమె హెచ్ఐవి, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు చేయించుకోవాలి. మీరిద్దరూ మళ్ళీ దగ్గరయితే ముందుగా మీరూ చేయించుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్ఐవి పరీక్ష ఉచితం, వివరాలు రహస్యంగా ఉంచుతారు. మూడు నెలలకు మరోసారి చేయించి, ఆ ఫలితం వచ్చేదాకా నిరోధ్ వాడటం మంచిది.

పోలీసు కేసు ఉండదు. వ్యభిచారాన్ని నేరంగా చూసిన 1860 నాటి శిక్షాస్మృతిలోని 497వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 27న కొట్టివేసింది. అది ఉన్న రోజుల్లోనూ శిక్ష పరాయి మగవాడికే, భార్యకు కాదు. 1955 హిందూ వివాహ చట్టం కింద విడాకులకు మాత్రం ఇది ఇప్పటికీ ఒక కారణమే.

పెద్దమనుషుల మాట వినకండి. పదిమందిలో నిలబెట్టిన ఆడదానికి ఆ తరువాత మీ ఇంట్లో బ్రతుకు ఉండదు. మీకూ ఉండదు. అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నవారి వార్తలు పేపర్లో మీరూ చదువుతూనే ఉన్నారు. ఆమె కూడా మీ షాపుకు దగ్గర్లోనే ఉందని మరచిపోకండి. తాళాలు అన్నయ్యకు ఇవ్వమనటంలో ఇదీ ఒక కారణం.

ఇద్దరే కూర్చోండి. పిల్లలు ఇంట్లో లేని వేళ చూసుకోండి. ఎక్కడ కలిశారు, ఎన్నిసార్లు అని ఆరా తీస్తే ఆ దృశ్యాలు మీ కళ్ళముందు నుంచి ఏళ్ళ తరబడి పోవు. "ఈ ఇంట్లో నీకు ఎలా ఉండేది?" అని అడగండి. అడిగాక మధ్యలో మాట్లాడకండి. కలిసి ఉండాలని ఇద్దరికీ ఉంటే అతనితో మాటలు పూర్తిగా మానెయ్యాలి, అందులో రాజీ లేదు. కొన్ని నెలలు దంపతులిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడే కౌన్సిలర్ దగ్గరకు వెళ్ళండి. ఉండలేనని ఆమె చెప్పినా, మీరే చెప్పినా పరస్పర అంగీకారంతో గౌరవంగా విడిపోయే దారి చట్టంలో ఉంది.

ఇది చదువుతున్న సోదరీమణుల్లో ఇలాంటి చిక్కులో ఉన్నవారికి ఒక్క మాట. అవతలివాడు ఫోటోలు చూపించి బెదిరిస్తుంటే డబ్బు ఇవ్వకండి, మళ్ళీ కలవకండి. సైబర్ నేరాలకు 1930, మహిళలకు 181 నంబర్లున్నాయి. మీ తప్పు ఏదైనా కానివ్వండి, బెదిరించటం నేరం.

చివరగా బాబు సంగతి. కాపురం చేస్తుండగా పుట్టిన బిడ్డను చట్టం భర్త బిడ్డగానే చూస్తుంది. అనుమానం వచ్చిందని కోర్టులు డి.ఎన్.ఏ. పరీక్షకు ఊరికే ఒప్పుకోవు. మీకు కోర్టుదాకా కూడా అక్కర్లేదు. ఆ పరిచయం ఏడాదిన్నర నాటిదని మీరే వ్రాశారు. బాబుకు 11 ఏళ్ళు.