టీజింగ్ అంటే ఏడిపించడమేనా?

మొన్న ఇబ్రహీంపట్నంలో జరిగిన మన కార్యకర్తల సమావేశానికి ఒక కాలేజీ అమ్మాయి ఫిర్యాదు రాసుకుని తెచ్చింది. రింగ్ సెంటర్‌లో బెజవాడ బస్సెక్కే దగ్గర ఒకడు నెల రోజులుగా వెంటపడుతున్నాడు. ఒకరోజు చున్నీ పట్టుకు లాగాడు. ఇంత జరిగితే కాగితంలో ఉన్నది ఒక్క ముక్క: ‘ఈవ్‌టీజింగ్ చేస్తున్నాడు’. అలా ఎందుకు రాశావమ్మా అని అడిగితే, ‘పేపర్లో అలాగే రాస్తారు కదండీ’ అంది.

ఇంగ్లీషులో ‘టీజ్’ అనే మాటకు తొలి అర్థం ఉన్నిని పీకి చిక్కు తీయడం. తర్వాత మనిషిని పీడించడం అయింది. పోనుపోను సరదాగా ఆటపట్టించడంగా తేలికపడింది. దానికి బైబిల్లోని ఈవ్‌ను తగిలించి మన దేశంలో ఈ జంట మాట వాడుకచేశారు. (ఆదాముకు పండు తినిపించింది ఆమే కదా! తప్పు పేరులోనే ఆడదాని మీదకొచ్చింది.) మన ‘ఏడిపించడం’ మాత్రం తక్కువ తిన్నదా? బావ మరదల్ని ఆటపట్టించినా అదే మాట, రోడ్డుమీద ఎవడో చెయ్యి వేసినా అదే మాట.

తమిళనాడు 1998లో చట్టానికే ఈవ్‌టీజింగ్ అని పేరు పెట్టి, తర్వాత వేధింపుల చట్టమని మార్చుకుంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు విడుదల చేసిన చేతిపుస్తకం ఈ మాట వద్దు, ‘వీధిలో లైంగిక వేధింపు’ అనండని జడ్జీలకూ లాయర్లకూ చెప్పింది.

‘మోడెస్టీ’ కథ ఇంకా చేదు. 1860 నాటి శిక్షాస్మృతి 354వ సెక్షన్లోని ఆ మాటకు ఇంగ్లీషులో అణకువ, సిగ్గు అని అర్థం. ఏడున్నర నెలల పసిపాప మీద అఘాయిత్యం జరిగిన పంజాబు కేసులో, అంత చిన్న బిడ్డకు మోడెస్టీ ఎక్కడిదని హైకోర్టు ఆ సెక్షన్ వర్తించదంది. 1966లో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది, అదీ ముగ్గురు జడ్జీల్లో ఇద్దరి మాటగా. బిడ్డకు తెలుసా లేదా అన్నదానితో పనిలేదు, ఆడపిల్లగా పుట్టడమే చాలు అన్నారు. నిఘంటువులో లేని అర్థం ఆ మాటకు అలా వచ్చింది. 2024 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ నంబరు 74 అయింది గానీ మాట కదల్లేదు.

అదే సంహితలో లైంగిక వేధింపు 75లో, వెంటపడడం 78లో విడివిడిగా ఉన్నాయి. ఈవ్‌టీజింగ్ అన్న మాట ఎక్కడా లేదు. ఏ సెక్షన్ పెట్టాలో స్టేషన్లో చూస్తారు. తారీఖు, చోటు, వాడు అన్న మాట, చేసిన పని కాగితంలో ఉన్నాయా అన్నది మనం చూడాలి. ఆ అమ్మాయి అక్కడే కూర్చుని మళ్లీ రాసింది. ఈసారి రెండు పేజీలు వచ్చింది.