కొండ ఒడిశాది, నీళ్లు మనవి

శివరాత్రి వచ్చిందంటే మందస, పలాస, సోంపేట వైపుల నుంచి జనం మహేంద్రగిరికి బయలుదేరతారు. 1,501 మీటర్ల ఎత్తున్న కొండ. పైన కుంతి, ధర్మరాజు, భీముడి పేర్లతో పాతకాలపు రాతి గుడులు. పరశురాముడు తపస్సు చేసిన చోటని నమ్మకం. భక్తితో ఎక్కుతాం, జాగారం చేస్తాం, మొక్కు తీర్చుకుంటాం. దిగేటప్పుడు కొండకు ఏం మిగిల్చి వస్తున్నాం? నీళ్ల సీసాలు, గుట్కా పొట్లాలు, ప్లాస్టిక్ విస్తళ్లు, ఆరీ ఆరని పొయ్యిలు.

ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంటుంది: "అది ఒడిశా కొండ కదా, వాళ్లు చూసుకుంటారు." నిజమే, శిఖరం గజపతి జిల్లాలో ఉంది. 2022లో ఒడిశా ప్రభుత్వం మహేంద్రగిరిని జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. 1,300కు పైగా మొక్కల జాతులు అక్కడ నమోదయ్యాయి. అయితే ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ ఎక్కడికి పోతోంది? మన పొలాల మీదుగా వచ్చి బారువ దగ్గర సముద్రంలో కలుస్తోంది. పైన అడవి వాననీటిని పట్టి ఉంచి మెల్లగా వదిలితేనే కింద ఏరు పారుతుంది. అడవి పలచబడితే వానాకాలం వరద, ఎండాకాలం ఇసుక. కారణం తేలని కిడ్నీ జబ్బుతో ఇళ్లకిళ్లు కుంగిపోయిన ఉద్దానానికి మంచినీటి విలువ ఒకరు చెప్పాలా? నీళ్లు పుట్టే చోటు మనకు పరాయిది ఎలా అవుతుంది?

ప్రకృతి కోసం నిలబడటం మనకు కొత్త కాదు. సోంపేట బీల చిత్తడి నేలను థర్మల్ ప్లాంటుకు ఇవ్వబోమన్నందుకు 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపర చిత్తడి నేల కోసమూ నెత్తురు చిందింది. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఏటా వచ్చే పెలికాన్లను ఊరంతా చుట్టాల్లా చూసుకుంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకు కొబ్బరి, జీడి తోటలు కూలినప్పుడు ఎదిగిన కొడుకును పోగొట్టుకున్నట్టు ఏడ్చాం.

మరి కొండ దగ్గరకొచ్చేసరికి మన నోరెందుకు పెగలదు? బీల పోరాటంలో ఎదుటివాడు కనిపించాడు. కంపెనీ పేరు తెలుసు, జెండా పట్టుకుని అడ్డం నిలబడ్డాం. కొండను పాడుచేసేవాళ్లలో మాత్రం మనమే ఉన్నాం. మనల్ని మనం నిలదీసుకోవడానికి జెండా పనికిరాదు, సిగ్గు కావాలి.

కాబట్టి కొండెక్కే ప్రతి ఊరి బృందం ఒక కట్టుబాటు పెట్టుకోవాలి. తీసుకెళ్లిన ప్రతి సీసా తిరిగి రావాలి. అడవిలో పొయ్యి వెలిగించకూడదు, సౌండు బాక్సులు మోయకూడదు. దారి వదిలి మొక్కలు పీకకూడదు. అక్కడి సవర గిరిజనుల దగ్గర చీపుళ్లో, పసుపో కొంటే గీచి గీచి బేరమాడకూడదు. ఆ అడవిని తరతరాలుగా కాచింది వాళ్లే. యువజన సంఘాలు అన్నదానంతో పాటు చెత్త దించే బాధ్యతా తీసుకోవాలి. ఎవరో పారేస్తుంటే చూసి తలతిప్పుకోవడం కూడా పారేయడమే.

ఈ శివరాత్రికి బయలుదేరే ముందే మీ వీధిలో ఈ మాట ఎత్తండి. కొండను పాడుచేసి తీర్చుకున్న మొక్కు ఏ దేవుడి దగ్గరా చెల్లదు.