తల్లి చేతిలోని వైద్యం

వైద్యం అనగానే మనలో పెక్కుమందికి స్ఫురించేది ఆసుపత్రి, శస్త్రచికిత్స, ఖరీదైన యంత్రం. రోగం వచ్చిన పిమ్మట జరిగే పనికే మనం వైద్యమని పేరు పెట్టుకున్నాము. రోగం రాకుండా చూచే పనికి గాని, వచ్చిన రోగం ముదరకుండా ఇంటిలోనే అడ్డుకొనే పనికి గాని సంఘంలో ప్రతిష్ఠ లేదు. మన పూర్వుల దృష్టి ఇట్లా ఉండలేదు. ఆరోగ్యవంతుని ఆరోగ్యాన్ని కాపాడడం మొదటిదనీ, రోగిని బాగుచేయడం రెండవదనీ ఆయుర్వేదం చెప్పింది. యునానీ వైద్యంలో 'హిఫ్జె సెహత్', అనగా ఆరోగ్య రక్షణ, ఒక ప్రధానమైన అంగం. ఉభయ సంప్రదాయాలకూ వారసులమైన మనం ఈ విషయాన్ని ఎందుకు మరచితిమో ఆలోచించవలసి ఉన్నది.

శిశువుల విషయంలో ఈ మరపు ప్రాణాంతకమైనది. ఒక్క ఉదాహరణను తీసుకొని కొంచెం వివరంగా చెప్పదలచుకున్నాము. అది విరేచనాల వ్యాధి. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో 'దస్త్' అంటారు. ఈ వ్యాధిలో పసివాని ప్రాణం తీసేది చాలావరకు క్రిమి కాదు. దేహంలోని నీరు, లవణాలు బయటికి పోవడం. పోయిన దానిని పోయినట్లే తిరిగి లోపలికి పంపగలిగితే బిడ్డ బ్రతుకుతుంది. కాని విరేచనాలవుతున్న బిడ్డకు నీళ్ళు పడితే ఇంకా ఎక్కువవుతాయన్న భయంతో నీళ్ళు మాన్పించే అలవాటు అనేక ఇళ్ళలో ఉండేది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని నోటిద్వారా ఇచ్చి కలరా రోగులను కాపాడవచ్చునని 1953లోనే కలకత్తా వైద్యుడు హేమేంద్రనాథ్ ఛటర్జీ ప్రకటించాడు. ఆ మాటను అప్పుడు వైద్యలోకం పట్టించుకోలేదు. 1971లో బంగ్లాదేశ్ విమోచన యుద్ధకాలంలో లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి పశ్చిమ బెంగాలుకు వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా చెలరేగింది. సిరలద్వారా ఎక్కించే సెలైను సీసాలు చాలలేదు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా బైకార్బొనేటు కలిపిన నీటిని పీపాలలో నింపించి, వాటికి కుళాయిలు పెట్టించి, రోగుల బంధువులచేతనే గ్లాసులతో పట్టించాడు. అంతకుముందు నూటికి ముప్పైమంది వరకు మరణిస్తున్న ఆ శిబిరంలో ఈ పద్ధతివల్ల మరణాలు నూటికి నలుగురి లోపుకు తగ్గాయి. పట్టించినవారు వైద్యులు కారు, నర్సులు కారు. తల్లులు, అన్నలు, అక్కలు. శాస్త్రం ఎంత గొప్పదో ఈ సంగతీ అంత గొప్పదని మా అభిప్రాయం. ఈ శతాబ్దపు వైద్యరంగంలో అత్యంత ముఖ్యమైన ముందడుగు ఇదే కావచ్చునని లాన్సెట్ పత్రిక 1978లో వ్రాసింది. మహలనబిస్ 2022లో మరణించిన తరువాత, 2023లో ప్రభుత్వం ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించింది. బ్రతికి ఉండగా ఆయన పేరు మన విద్యార్థులలో ఎందరికి తెలుసునన్నది వేరే ప్రశ్న.

ఇంతటి సులభమైన ఉపాయం చేతిలో ఉండి ఏబదియేళ్ళు గడచినా, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, విరేచనాలు పట్టిన పిల్లలలో ఓ.ఆర్.ఎస్. అందినది నూటికి 61 మందికి మాత్రమే. జింకు బిళ్ళలు అందినది నూటికి 31 మందికి. పొట్లం ధర కొద్ది రూపాయలు. ప్రభుత్వ కేంద్రాలలో ఉచితం. అయినా తక్కినవారికి అందలేదంటే లోపం ధనంలో లేదు, తెలియజెప్పడంలో ఉన్నది.

అందినదైనా అసలుదేనా అన్న సందేహం కూడా ఇటీవల బయటపడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 నుండి సిఫారసు చేస్తున్న కొలత ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు పదమూడున్నర గ్రాములు మాత్రమే ఉండాలి. దానికి ఎన్నో రెట్ల చక్కెర కలిపిన తియ్యని పానీయాలు 'ఓ.ఆర్.ఎస్.' అన్న మూడక్షరాలను పేరులో తగిలించుకొని మందుల దుకాణాలలో అమ్ముడుపోయాయి. చక్కెర మించితే విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. హైదరాబాదుకు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై సంవత్సరాల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ కొలతకు సరిపోని పానీయాలు ఆ పేరు పెట్టుకోరాదని ఆజ్ఞాపించింది. ఒక వైద్యురాలు ఆసుపత్రి గదిని దాటి వచ్చి మాట్లాడడంవల్ల జరిగిన మేలు ఇది. వైద్యకళాశాలలలో ఇటువంటి పనిని ఏ పాఠంలో చెబుతున్నారు?

వైద్యవిద్య సంగతి చూద్దాం. 1946లో భోర్ కమిటీ నివేదిక వైద్యవిద్యార్థికి నివారణ వైద్యం, సామాజిక వైద్యంలో మూడు నెలల శిక్షణ ఉండాలనీ, అతడు 'సామాజిక వైద్యుడు' కావాలనీ కోరింది. 1975లో శ్రీవాస్తవ కమిటీ అదే బాధను మరొక విధంగా చెప్పింది. ఇటీవల జాతీయ వైద్య కమిషన్ ప్రతి విద్యార్థి కొన్ని గ్రామీణ కుటుంబాలను దత్తత తీసుకొని వారి ఆరోగ్యాన్ని గమనించాలన్న నియమం తెచ్చింది. మంచిదే. కాని ఉన్నత వైద్యవిద్య సీట్ల ఎంపికలో రేడియాలజీ, చర్మవ్యాధుల శాఖలు ముందే నిండిపోతాయి. సామాజిక వైద్యం చివర మిగులుతుంది. తల్లిదండ్రుల కోరిక, సంఘం చూపే మర్యాద, సంపాదన అన్నీ అటువైపే లాగుతున్నప్పుడు నియమం ఒక్కటి ఏమి చేయగలదు? 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు పేదలకు పెద్ద ఆసుపత్రుల తలుపులు తెరచాయి. వాటిని మేము తక్కువ చేయడంలేదు. గుండెలో రంధ్రమున్న బిడ్డకు గంజినీళ్ళు చాలవు గదా! అయితే శస్త్రచికిత్సకు దొరికే శ్రద్ధలో పదోవంతు రక్తహీనతకు దొరికితే బాగుండుననిపిస్తుంది. అయిదేళ్ళలోపు పిల్లలలో రక్తహీనత తెలంగాణాలో నూటికి 61 నుండి 70కి, ఆంధ్రప్రదేశ్‌లో 59 నుండి 63కు పెరిగిందని పైన చెప్పిన సర్వే తెలిపింది. జాతీయ పోషకాహార సంస్థ మన తార్నాకలోనే ఉన్నది. 1918లో కూనూరులో మెకారిసన్ ఆరంభించిన పరిశోధన శాల పెరిగి, 1958లో ఇక్కడికి తరలివచ్చింది. ఎ విటమిను లోపంవల్ల పిల్లలు అంధులు కాకుండా ఆరునెలలకొకసారి మందు పోసే జాతీయ కార్యక్రమానికి 1970లో పునాది వేసినది ఈ సంస్థ పరిశోధనలే. పరిశోధన మన గుమ్మంలో ఉండగా మన పిల్లల నెత్తురు పలుచబడడం విచారకరం.

ఇక భాష. ఇది మన కళాశాలకు మరింత దగ్గరి విషయం. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో స్థాపితమైన పిమ్మట వైద్యశాస్త్రాన్ని సైతం ఉర్దూలో బోధించింది. అనువాద శాఖలో పండితులు కూర్చొని శరీరశాస్త్ర పదాలకు ఉర్దూ మాటలు కూర్చారు. 1948 తరువాత ఆ ప్రయత్నం ఆగిపోయింది. దానిని పునరుద్ధరించాలని మేము కోరడంలేదు. ఆ ఉర్దూ కూడా అరబ్బీ, ఫారసీ పదాల బరువుతో సామాన్యునికి దూరంగానే ఉండేదని పెద్దలు అంటారు. మేము అడిగేది చిన్నది. ఆంగ్లంలో చదివిన వైద్యుడు పాతబస్తీ తల్లితో దక్కనీ ఉర్దూలోనూ, పాలమూరు తల్లితో ఆమె తెలుగులోనూ, బిడ్డ నోరు ఎండిందా, మూత్రం పోసిందా, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా అని అడగగలగాలి. ఆ ప్రశ్నలకు జవాబు రాబట్టలేనివానికి ఎన్ని యంత్రాలున్నా ప్రయోజనమేమి?

ఈ పని ఎట్లా చేయవచ్చునో బంగ్లాదేశ్ చేసి చూపింది. 1980 నుండి పది సంవత్సరాల కాలంలో బ్రాక్ అనే సంస్థకు చెందిన మహిళా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి, సుమారు ఒక కోటి ఇరవై లక్షల కుటుంబాల తల్లులకు మూడువేళ్ళ చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, నీళ్ళు కలిపే విధానం నేర్పారు. కరపత్రం ఇచ్చి వెళ్ళిపోలేదు. తల్లి చేతనే కలిపించారు. మాకు అన్నిటికంటె నచ్చినది వారి జీతపు పద్ధతి. కొన్ని రోజుల తరువాత మరొకరు వెళ్ళి ఆ తల్లులను ప్రశ్నించేవారు. తల్లికి ఎంత గుర్తుంటే కార్యకర్తకు అంత వేతనం. చెప్పినవారి గొప్పతనం కాక, విన్నవారి జ్ఞాపకమే కొలబద్ద అయింది. మన అధ్యాపక వర్గానికి ఈ పద్ధతి వర్తింపజేస్తే ఏమవుతుందో ఊహించడానికి కొంత జంకుగా ఉన్నది!

కళాశాల కమిటీవారికి మా విన్నపం ఇది. ప్రతి సంవత్సరం మన జాతీయ సేవా పథకం విద్యార్థులు ఏడురోజుల శిబిరానికి వెళ్ళి వీధులు ఊడ్చి, మొక్కలు నాటి వస్తున్నారు. ఈసారి అందులో మూడురోజులు పసిపిల్లలున్న ఇళ్ళకు కేటాయించండి. ఉర్దూ తెలిసిన ఒకరు, తెలుగు తెలిసిన ఒకరు జంటగా వెళ్ళాలి. వారిలో ఒకరు విద్యార్థిని అయితే లోపలి గదిదాకా మాట చేరుతుంది. ఓ.ఆర్.ఎస్. పొట్లాన్ని లీటరు నీటిలో కలపడం, పొట్లం లేనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటికి ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు గోపురం కాకుండా సమంగా కొలచి కలపడం, తల్లిపాలు మానకపోవడం, బిడ్డ మగతగా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోవడం: నేర్పవలసినది ఇంతే. ముందుగా దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యునిచేత మన విద్యార్థులకు ఒక పూట శిక్షణ ఇప్పించాలి. నెల తరువాత వేరే జంటలు వెళ్ళి ఆ తల్లులనే అడిగి, ఎందరు సరిగా చెప్పగలిగిరో లెక్క వ్రాయాలి. ఆ లెక్క ఎంత తక్కువగా ఉన్నా సరే, వచ్చే సంచికలో ఉభయ భాషలలోనూ ప్రకటించాలి.